మంచుకొండెక్కే మరగుర్రం!

తారు రోడ్డు అక్కర్లేదు. మట్టిబాటా అక్కర్లేదు. నడుంలోతు మంచులో ఈదుకుంటూ వెళ్లి, నిట్టనిలువు కొండను చూస్తుండగానే ఎక్కేస్తుంది. పేరు... మౌంటెన్ స్నోమొబైల్. ఒక్కసారి ఎక్కితే దిగబుద్ధి కాదంటారు బండిని ఇష్టపడేవాళ్లు. ఎక్కేముందు కొండను చదవడం నేర్చుకోమంటారు మంచును తెలిసినవాళ్లు. ఇద్దరి మాటా నిజమే. ఆ కథేంటో చూద్దాం రండి!

కెనడాకు పడమటి అంచున బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. అందులో రెవెల్‌స్టోక్ ఓ చిన్న ఊరు. చలికాలం వచ్చిందంటే చాలు, ట్రక్కుల వెనక ట్రైలర్లు, ట్రైలర్ల మీద రంగురంగుల స్నోమొబైళ్లు... అన్నీ ఆ ఊరి దారి పడతాయి. సెలవులొస్తే మనం అరకుకో పాపికొండలకో బయల్దేరినట్టు, అక్కడివాళ్లు మంచుకొండలకు బయల్దేరతారు. అమెరికాలోని వ్యోమింగ్, మోంటానా, ఐడహో, కొలరాడో కొండల దగ్గరా ఇదే సందడి. అంత చలిలో దుప్పటి కప్పుకుని పడుకోక కొండల మీద ఏం పని అంటారా? ఆ బండి ఎక్కితే ఎలా ఉంటుందో తెలిస్తే ఆ ప్రశ్న రాదు.

చక్రాల్లేని బండి

ముందు బండిని ఓసారి చుట్టూ తిరిగి చూద్దాం. చక్రాలు లేవు. ముందువైపు రెండు స్కీలు... పడవ ముక్కుల్లా పైకి వంగి ఉంటాయి. వెనకవైపు వెడల్పాటి రబ్బరు పట్టా. యుద్ధట్యాంకు కింద తిరిగే ఇనప పట్టా గుర్తుందిగా! అలాంటిదే, కాకపోతే రబ్బరుది. ఇంజిన్ ఆ పట్టాను తిప్పుతుంది, స్కీలు దారి చూపిస్తాయి. అంతే!

గడ్డకట్టిన చెరువుల మీదా చదును చేసిన మంచు బాటల మీదా తిరిగే మామూలు స్నోమొబైళ్లు వేరు, ఈ కొండబళ్లు వేరు. కొండబండి పట్టా బాగా పొడుగు. విప్పి పరిస్తే 154 అంగుళాలు, 165 అంగుళాలు ఉండేవి ఎక్కువగా వాడతారు. అంటే దాదాపు 13, 14 అడుగులన్నమాట. దానిమీద వరసగా 3 అంగుళాల ఎత్తున రబ్బరు పలకలు నిలబడి ఉంటాయి. వరిమడి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి ఇనప చక్రాలు తగిలిస్తారు చూడండి... మామూలు టైరు బురదలో జారిపోతుంది, ఆ చక్రాల పలకలు మాత్రం బురదను పట్టుకుని తోస్తాయి. ఇదీ అదే సూత్రం. బురద బదులు మంచు.

పట్టా అంత పొడుగు ఎందుకు? బరువును ఎక్కువ చోటికి పంచడానికి. కొత్తగా కురిసిన మంచులో మనిషి అడుగేస్తే మోకాలి దాకానో నడుం దాకానో దిగిపోతాడు. సుమారు 200 కిలోల బండి, దానిమీద మనిషి... అయినా పెద్దగా దిగబడదు. తేలుతుంది!

ఇక ఇంజిన్. ఈ బళ్లలో పేరున్న వాటిలో ఒకటి స్కీ-డూ సంస్థ తయారుచేసే సమిట్. అందులో 850 సీసీ తరగతి ఇంజిన్ శక్తి 165 హార్స్‌పవర్. మనందరికీ తెలిసిన మారుతీ 800 కారుకూ ఇంజిన్ పరిమాణం దాదాపు అంతే. దాని శక్తి మాత్రం 37. అంటే నాలుగున్నర మారుతీల బలాన్ని కారు బరువులో మూడో వంతు ఉన్న బండికి తగిలించారన్నమాట. ఎక్కేముందు హెల్మెట్ పట్టీ ఒకటికి రెండుసార్లు ఎందుకు సరిచూసుకోమంటారో ఇప్పుడు అర్థమైందా!

బొటనవేలి కింద 165 గుర్రాలు

సరే, ఎక్కి కూర్చున్నారనుకోండి. మొదట చేయాల్సిన పని, బండికున్న ఓ చిన్న తాడు చివర కొక్కేన్ని మీ జాకెట్టుకు తగిలించుకోవడం. మీరు కింద పడితే తాడు ఊడుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. లేకపోతే మీరో చోట, బండి లోయలో మరో చోట!

చాలా కొండబళ్లను తాడు లాగి స్టార్ట్ చేయాలి. బ్యాటరీ, స్టార్టరు మోటారు పెడితే బరువు పెరుగుతుందని వాటిని వదిలేస్తారు. సమిట్ బళ్లలో ఓ చమత్కారం ఉంది. పొద్దున్నే ఒక్కసారి తాడు లాగితే చాలు. ఆ తర్వాత ఇంజిన్ తిరిగేటప్పుడు కొంత విద్యుత్తును కెపాసిటర్లో దాచుకుంటుంది. మళ్లీ ఆపినప్పుడు బటన్ నొక్కితే స్టార్టవుతుంది.

ఇంజిన్ అందుకోగానే టూస్ట్రోక్ వాసన... యమహా ఆర్ఎక్స్ 100 రోజులు గుర్తొస్తాయి. అన్నట్టు ఆ యమహా కూడా 1968 నుంచి స్నోమొబైళ్లు తయారుచేసింది. 2025 మోడళ్లతో ఆ వ్యాపారానికి స్వస్తి చెప్పింది. పాత టూస్ట్రోక్ బళ్లలా ఇవి గుప్పున పొగ వదలవు. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే పద్ధతి రావడంతో పొగ బాగా తగ్గింది.

గేర్లు లేవు. క్లచ్ లేదు. మన స్కూటీ, యాక్టివాల్లో ఉన్నట్టే బెల్టు మీద నడిచే ఏర్పాటు. ఎడమచేతి కింద బ్రేకు. యాక్సిలరేటర్ కోసం మెలితిప్పడానికి వెతక్కండి, ఉండదు. కుడి బొటనవేలి కింద చిన్న మీట ఉంటుంది. అది నొక్కాలి. గడ్డకట్టే చలిలో వేళ్లు కొంకర్లు పోకుండా హ్యాండిల్‌ పిడుల్ని, ఆ మీటని కూడా కరెంటుతో వేడిచేసే ఏర్పాటుంటుంది.

కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఇక్కడే. భయంతో మీటను సగం నొక్కుతారు. బండి నాలుగడుగులు వెళ్తుంది. గుండె ఝల్లుమంటుంది. ఠక్కున వేలు తీసేస్తారు. అంతే, బండి వెనక భాగం గోతిలోకి దిగిపోతుంది! మంచులో ఈ బండి కదిలినంతసేపే తేలుతుంది. ఆగితే, అందులోనూ ఎత్తు ఎక్కుతూ ఆగితే, పట్టా తనకు తానే గొయ్యి తవ్వుకుంటుంది. ఇక దిగండి. పార తీయండి. తవ్వండి. స్కీ పట్టుకుని లాగండి. మొదటిరోజు స్వారీ చేసిన సమయం కన్నా మంచు తవ్విన సమయమే ఎక్కువ అని ఈ ఆటలో ఓ నానుడి లాంటి మాట. బయట సున్నా కన్నా పది డిగ్రీలు తక్కువ ఉన్నా లోపల చొక్కా చెమటతో తడిసిపోతుంది.

అటు తిప్పితే ఇటు!

రెండో పాఠం ఇంకా విచిత్రం. ఎడమవైపు తిరగాలి. ఏం చేస్తారు? హ్యాండిల్ ఎడమకు తిప్పుతారు. చదును బాట మీదైతే తిరుగుతుంది. లోతైన మంచులో మాత్రం బండి మీ మాట వినదు, తిన్నగా పోతూనే ఉంటుంది.

అక్కడ బండిని తిప్పేది హ్యాండిల్ కాదు, మీ ఒళ్లు. లేచి నిలబడాలి. ఎడమవైపు పాదం పెట్టే పలక మీద బరువంతా వేయాలి. హ్యాండిల్‌ను కొద్దిగా కుడికి తిప్పి, ఒంటితో బండిని ఎడమకు లాగాలి. సరిగ్గా అప్పుడే మీట చటుక్కున ఓసారి నొక్కాలి. బండి ఎడమపక్కకు ఒరిగి, మంచును కోసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది. కుడికి తిప్పితే ఎడమకు తిరగడం... వినడానికి తికమకే. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకున్న రోజు గుర్తు చేసుకోండి. ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. ఓ సాయంత్రం ఉన్నట్టుండి వచ్చేస్తుంది. ఇదీ అంతే.

అది వచ్చాక అసలు విద్య... కొండవాలుకు అడ్డంగా వెళ్లడం. వాలు మీద బండిని వదిలేస్తే కిందికి దొర్లిపోవాలని చూస్తుంది. దాన్ని కొండవైపు ఒరగబెట్టి, ఒక్క స్కీ మీదా పట్టా అంచు మీదా నడిపించాలి. రెండు కాళ్లూ కొండవైపు పలక మీదికే చేర్చి నిలబడతారు. ఒకపక్క కొండ, మరోపక్క లోయ... మధ్యలో బొటనవేలు! కొండబళ్లను సన్నగా తయారుచేసేది అందుకే. ముందు స్కీల మధ్య దూరం బాటల మీద తిరిగే బళ్లకు ఎక్కువ. అది బండి తిరగబడకుండా కాపాడుతుంది. ఇక్కడ బండి ఒరగడమే కావాలి కాబట్టి ఆ దూరాన్ని 36 అంగుళాల దరిదాపులకు తగ్గించారు.

గాలి పలచబడితే...

కొండ ఎక్కేకొద్దీ మనిషికి ఆయాసం వస్తుంది. ఇంజిన్‌కీ అంతే! ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. సుమారు 3000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండే దానిలో 70 శాతమే. పెట్రోలు మండటానికి ఆక్సిజన్ చాలదు. 165 హార్స్‌పవర్ ఇంజిన్ అక్కడ 115 దగ్గరికి జారిపోతుంది. బలం ఎక్కడ ఎక్కువ కావాలో సరిగ్గా అక్కడే తగ్గుతుందన్నమాట.

దీనికి విరుగుడు టర్బో. ఇంజిన్ నుంచి బయటికిపోయే పొగ వేగంతోనే ఓ చిన్న పంకాను తిప్పి, బయటి గాలిని బలవంతంగా లోపలికి నెట్టడం. ఔత్సాహికులు సొంతంగా ఇలాంటివి బిగించుకోవడం ఎప్పటినుంచో ఉంది. టూస్ట్రోక్ స్నోమొబైల్‌కు ఫ్యాక్టరీలోనే టర్బో బిగించి అమ్మడం మాత్రం 2020 మోడల్ సమిట్‌తో మొదలైంది. 8000 అడుగుల ఎత్తు దాకా 165 హార్స్‌పవర్ తగ్గకుండా ఇస్తుందన్నది దాని ప్రత్యేకత. 2022 మోడల్‌తో పొలారిస్ సంస్థా అదే బాట పట్టింది.

దాంతో ఏమైంది? ఒకప్పుడు ఏళ్లతరబడి సాధన చేసినవాళ్లు మాత్రమే చేరగలిగిన వాలుల మీదికి ఇప్పుడు కొత్తవాళ్లూ తేలిగ్గా చేరిపోతున్నారు. బండి తెలివి ఏటికేడు పెరుగుతోంది. కొండ మాత్రం మారలేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అది తెలుసుకునే ముందు, ఈ బండి ఎందుకు పుట్టిందో ఓసారి చూద్దాం.

ఒక తండ్రి కడుపుకోత

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కోర్ అనే పల్లె. అక్కడ జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్. చిన్నప్పటినుంచీ యంత్రాల పిచ్చి. 15 ఏళ్ల వయసులో, 1922లో, పాత ఫోర్డ్ కారు ఇంజిన్‌కు పంకా తగిలించి మంచు మీద నడిచే బండి తయారుచేశాడు. ఇంట్లోవాళ్లు బెంబేలెత్తిపోయారు.

ఆ రోజుల్లో అక్కడ చలికాలం వస్తే రోడ్లన్నీ మంచు కింద మూసుకుపోయేవి. ఊరికీ ఊరికీ సంబంధం ఉండేది కాదు. 1934 చలికాలంలో బొంబార్డియర్ కొడుకు, రెండేళ్ల పసివాడు, కడుపులో ఇన్‌ఫెక్షన్‌తో మంచాన పడ్డాడు. ఆసుపత్రి ఉన్నది షెర్‌బ్రూక్ పట్నంలో. దారంతా మంచు. షెడ్డులో తయారవుతున్న బండి ఇంకా నడిచే స్థితిలో లేదు. బిడ్డ కళ్లముందే చనిపోయాడు.

ఆ తండ్రి ఆగలేదు. రబ్బరు పట్టాను పళ్లచక్రంతో తిప్పే పద్ధతి కనిపెట్టి 1937లో పేటెంటు పొందాడు. ఏడుగురు కూర్చునే బండి తయారైంది. తర్వాత వచ్చిన పెద్ద బళ్లు అంబులెన్సులయ్యాయి, స్కూలు బస్సులయ్యాయి, ఉత్తరాలు మోశాయి. 1959లో ఒకరిద్దరు తిరిగే చిన్న బండి వచ్చింది. కుక్కలు లాగే స్లెడ్జి బదులుగా వాడేది కాబట్టి 'స్కీ-డాగ్' అని పేరు పెట్టాలనుకున్నారనీ, అచ్చుతప్పుతో అది 'స్కీ-డూ' అయిందనీ చెబుతారు. బొంబార్డియర్ 1964లో కన్నుమూశాడు. ఒక ప్రాణం పోతే, ఇంకో ప్రాణం పోకూడదని పుట్టిన బండి ఇది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే గుర్తుంటాయి.

పంచదార మీద అట్ట

మంచు ఒకేసారి పడదు. పొరలుపొరలుగా పడుతుంది. ఎండకు కొంత కరుగుతుంది, చలికి గట్టిపడుతుంది. ఒక్కోసారి మధ్యలో ఒక పొర పంచదార పలుకుల్లా విడివిడిగా తయారవుతుంది. వాలుగా పెట్టిన పీటమీద పంచదార చల్లి, దానిమీద ఓ అట్ట పెట్టారనుకోండి. కదపనంతవరకు బాగానే ఉంటుంది. వేలితో తాకితే... సర్రున జారిపోతుంది. కొండమీద ఆ వేలే స్నోమొబైల్.

మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. కొండబండి నడిపేవాళ్లకు ప్రాణం లేచొచ్చేదీ ఆ వాలులే! ప్రాణాలు తీసే చరియల్లో చాలావరకు, వాటిని కదిలించింది బాధితులో వాళ్లతో వచ్చినవాళ్లో అయి ఉంటారు. కొండ తనంతట తాను మీద పడటం తక్కువే.

2008 డిసెంబరు 28. బ్రిటిష్ కొలంబియాలోని ఫెర్నీ ప్రాంతం. స్పార్‌వుడ్ అనే చిన్న ఊరి నుంచి 11 మంది స్నేహితులు స్నోమొబైళ్ల మీద కొండల్లోకి వెళ్లారు. ఏడుగురిమీద చరియ విరిగిపడింది. మిగతా నలుగురు పరుగున వచ్చి తవ్వుతుండగా రెండోది పడింది. ముగ్గురే ఇంటికొచ్చారు. కొత్త సంవత్సరం రాకముందే ఆ చిన్న ఊళ్లో ఎనిమిది ఇళ్లు చీకటయ్యాయి. 2010 మార్చి 13న రెవెల్‌స్టోక్ దగ్గర బౌల్డర్ కొండ కింద స్నోమొబైల్ ప్రియులు గుమిగూడిన చోట చరియ పడింది. ఇద్దరు చనిపోయారు, 30 మంది దాకా గాయపడ్డారు. ఎవరు ఎంత పైకి వెళ్లి తిరిగి రాగలరో తేల్చుకునే ఆటను అక్కడ 'హై మార్కింగ్' అంటారు. కింద నిలబడి చూసేవాళ్లకు అది వినోదం. పైవాడు మంచును కదిలిస్తే ముందు మునిగేది మాత్రం ఆ కిందున్నవాళ్లే.

పది నిమిషాలు

మంచు కింద పడ్డవాళ్లకు గడువెంత? స్విట్జర్లాండ్‌లో 1981 నుంచి 2020 వరకు జరిగిన ప్రమాదాల లెక్కలు తీసి 2024లో ప్రచురించారు. పది నిమిషాల్లోపు బయటికి తీస్తే వందలో 91 మంది బతికారు. అరగంటకు ఆ సంఖ్య 31కి పడిపోయింది. దూదిలా ఉన్న మంచు, జారి ఆగిన తర్వాత సిమెంటులా బిగుసుకుపోతుంది. లోపలివాళ్లు వేలు కూడా కదపలేరు. ఊపిరి ఆడదు. హెలికాప్టర్ రావాలంటే పది నిమిషాలు ఏమూలకి? కాబట్టి కాపాడాల్సింది పక్కనున్న స్నేహితులే.

అందుకే ప్రతి ఒక్కరి ఒంటిమీదా మూడు వస్తువులు ఉండాలంటారు. ఒకటి బీకన్... రేడియో సంకేతాలు పంపే చిన్న పెట్టె. ఏ కంపెనీదైనా 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది. పైనున్నవాళ్లు తమ బీకన్‌ను వెతికే పద్ధతిలోకి మార్చి మనిషి ఏ దిక్కున ఉన్నాడో పట్టుకుంటారు. రెండు ప్రోబ్... మడతపెట్టే పొడవాటి కడ్డీ. గుచ్చి ఎంత లోతులో ఉన్నాడో చూస్తారు. మూడు పార. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగతా రెండూ దండగే. వీటిని బండికి కట్టేస్తే లాభం లేదు. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు పోతే? ఒంటిమీదే ఉండాలి. తాడు లాగితే ఉబ్బి, మనిషిని మంచు పైభాగానికి తెచ్చే గాలిసంచీ కూడా చాలామంది తగిలించుకుంటున్నారు.

ఖర్చు లేని నియమాలూ ఉన్నాయి. వాలు మీదికి ఒకసారి ఒక్కరే వెళ్లాలి. మిగతావాళ్లు చరియ దారికి దూరంగా, ఇంజిన్ కొండ వైపు కాకుండా బయటికి పారిపోయే వైపు తిప్పుకుని చూస్తూ ఉండాలి. ఒకరి బండి పైన కూరుకుపోతే సాయం చేద్దామని రెండో బండి వేసుకెళ్లకూడదు. పొద్దున్నే ఆరోజు చరియల ప్రమాదం ఏ స్థాయిలో ఉందో చూసుకోవాలి. కెనడా, అమెరికాల్లో ఇందుకోసం ప్రత్యేక కేంద్రాలున్నాయి. ప్రమాదాన్ని 1 నుంచి 5 అంకెల్లో చెబుతాయి.

మన మంచులోనూ...

ఈ బండి చూడాలంటే కెనడా దాకా వెళ్లక్కర్లేదు. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో పర్యాటకుల్ని స్నోమొబైల్ మీద తిప్పుతారు. సుమారు 2650 మీటర్ల ఎత్తున్న ఊరది. మైదానం మీద తోలేవాడి వెనక కూర్చుని ఓ చుట్టు కొట్టి రావడం పిల్లలకూ సరదాయే. అక్కడి అఫర్వత్ కొండ మాత్రం వేరే సంగతి. 2023 ఫిబ్రవరి 1న అక్కడ మంచుచరియ కింద పడి పోలాండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. సియాచిన్‌లో మన సైనికులకు ఇలాంటి బండి సరదా కాదు, అవసరం. 'స్నో స్కూటర్' అని వాళ్లు పిలుచుకునే ఈ బళ్లే అక్కడ మనుషుల్నీ సామాన్లనీ చేరవేస్తాయి. బొంబార్డియర్ కలగన్న పని అదేగా!

ఇక మన పిల్లలు. డెన్వర్, సియాటిల్, కాల్గరీ... మంచుకొండలకు కొన్ని గంటల దూరంలో ఉండే ఈ నగరాల్లో తెలుగు కుటుంబాలకు కొదవలేదు. చలికాలం వారాంతాల్లో అద్దెకు బండి తీసుకుని కొండెక్కడం వాళ్లకూ సరదాయే. ఏ ఆదివారమో ఫోన్ చేసి 'నాన్నా, రేపు స్నోమొబైల్ ఎక్కుతున్నాం' అంటే కంగారుపడి వద్దనక్కర్లేదు. చదును చేసిన బాటమీద, గైడ్ వెంట వెళ్తే హాయిగా వెళ్లి రమ్మనండి. కొండవాలు ఎక్కుతామంటే మాత్రం నాలుగు ప్రశ్నలడగండి. 'ఇవాళ కొండ ప్రమాదం అంకె ఎంత? బీకన్, ప్రోబ్, పార నీ ఒంటిమీద ఉన్నాయా? వాటిని వాడటం నేర్చుకున్నావా? నువ్వు మంచులో పడితే పది నిమిషాల్లో తీసేవాళ్లు పక్కనున్నారా?'

నాలుగింటికీ తడుముకోకుండా జవాబొస్తే... ఫొటోలు పంపమని చెప్పి నిశ్చింతగా ఫోన్ పెట్టేయండి. ఒక్కదానికి తడబడినా, కొండ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుందని చెప్పండి!